మాల్టాలో చదువు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాల్టాలో మాస్టర్స్ చేశాను. ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో తమ్ముళ్లు, వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల అమ్మానాన్నలు కూడా ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసి పెడితే నయం అనిపించింది. ఇక్కడ పెద్ద యూనివర్సిటీ ఉంది, కాలేజీలున్నాయి, ఇంగ్లిష్ నేర్పే స్కూళ్లూ ఉన్నాయి. ఏది ఏంటో తెలియకుండా డబ్బు కట్టేసి బాధపడినవాళ్లను చూశాను కాబట్టి కొన్ని చోట్ల కాస్త గట్టిగానే చెప్తాను.

అసలు మాల్టా ఎక్కడుంది, ఎంత ఉంటుంది?

ఇటలీలోని సిసిలీకి కింద, మధ్యధరా సముద్రం నడుమ. మొత్తం దేశం 316 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ మహానగరం అంత కూడా ఉండదు. జనాభా ఐదు లక్షల పైచిలుకు. మనుషులుండే దీవులు ముఖ్యంగా రెండు, మాల్టా, గోజో. మధ్యలో కొమీనో అని చిన్నది ఇంకోటి ఉంది. 1964 దాకా బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉంది, 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 చివర్లో సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే షెంజెన్ దేశాల గుంపులోకి వచ్చింది, 2008 నుంచి యూరో వాడుతున్నారు. బ్రిటిష్ వాళ్లు వదిలేసి వెళ్లిన అలవాట్లు మనకి కలిసొస్తాయి. బండ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి, ఇంగ్లిష్ అధికార భాష, ఆఫీసుల్లో ఫారాలన్నీ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి.

మరి వాళ్ల భాష నేర్చుకోవాలా?

చదువుకి అక్కర్లేదు. యూనివర్సిటీలో పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే. కానీ మాల్టీస్ వింటే మీకే ముచ్చటేస్తుంది. అది అరబిక్ నుంచి పుట్టి, మీద ఇటాలియన్, సిసిలీ మాటలు బోలెడు కలుపుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకునే భాష. ఉర్దూ మాటల మధ్య పెరిగిన హైదరాబాద్ వాళ్లయితే మొదటి వారంలోనే గుర్తుపడతారు. పుస్తకాన్ని 'క్తీబ్' అంటారు, మన కితాబే. ప్రపంచాన్ని 'దిన్యా' అంటారు, మన దునియా. ఆరోగ్యాన్ని 'సహ్హా' అంటారు, అదే మాట వెళ్లొస్తానని చెప్పడానికీ వాడతారు. థాంక్స్‌కి ఇటాలియన్ పోలికతో 'గ్రాత్సీ'. బస్సు డ్రైవర్‌కి ఒక్క గ్రాత్సీ చెప్పి చూడండి, మొహం వెలిగిపోతుంది. ప్రతి రెండో వాక్యంలో 'మేలా' అని వినపడుతుంది, మనం 'అయితే', 'సరే మరి' అన్నట్టు.

ఏ యూనివర్సిటీలు ఉన్నాయి?

అసలైనది యూనివర్సిటీ ఆఫ్ మాల్టా. ప్రభుత్వానిది. 1592లో జెసూట్ పాదిరీలు పెట్టిన కాలేజీ నుంచి మొదలై, 1769లో యూనివర్సిటీ అయింది. ముఖ్యమైన క్యాంపస్ ఇమ్సీదా ఊళ్లో ఉంది, పాత భవనం రాజధాని వాలెట్టాలో, ఒక చిన్న క్యాంపస్ గోజోలో. ఇమ్సీదా క్యాంపస్‌కి ఎదురుగానే మాటెర్ డేయి అనే పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉంటుంది కాబట్టి దారి ఎవరినడిగినా చెప్తారు.

తర్వాత ఎమ్‌కాస్ట్ అని పావ్లా ఊళ్లో ఉన్న ప్రభుత్వ కాలేజీ. ఇంజినీరింగ్, ఐటీ, చేతిపనులకు దగ్గరగా ఉండే కోర్సులు అక్కడ. హోటల్ మేనేజ్‌మెంట్ కావాలంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూరిజం స్టడీస్, అదీ ప్రభుత్వానిదే. గోజోలో లండన్‌కి చెందిన క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ల మెడికల్ స్కూల్ ఉంది.

ఇవి కాక ప్రైవేట్ సంస్థలు చాలా ఉన్నాయి. మన దగ్గర కన్సల్టెన్సీలు ఎక్కువగా చూపించేవి వీటినే. కొన్ని నిజంగా బాగా చెప్తాయి, కొన్ని ఒక అపార్ట్‌మెంట్‌లో రెండు అంతస్తుల్లో నడుస్తాయి. చిన్న చోట ఉన్నంత మాత్రాన చెడ్డవని కాదు. కింద చెప్పిన పరీక్ష పెట్టకుండా మాత్రం ఒక్క రూపాయి కట్టకండి.

ఒక కాలేజీ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

దీనికి కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే.

మాల్టాలో పైచదువుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ ఒకటి ఉంది, మాల్టా ఫర్దర్ అండ్ హయ్యర్ ఎడ్యుకేషన్ అథారిటీ. దాని వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న సంస్థల జాబితా, గుర్తింపు ఉన్న కోర్సుల జాబితా విడివిడిగా ఉంటాయి. రెండూ చూడాలి. కాలేజీకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన అది చెప్పే ప్రతి కోర్సుకీ గుర్తింపు ఉండాలని లేదు.

తర్వాత లెవెల్. ఇక్కడ చదువుల్ని మెట్లుగా విడగొట్టారు. డిగ్రీ 6వ లెవెల్, మాస్టర్స్ 7వ లెవెల్, పీహెచ్‌డీ 8. కన్సల్టెన్సీ వాళ్లు "లెవెల్ 7 కోర్సు తమ్ముడూ, మాస్టర్సే" అంటారు. లెవెల్ ఒక్కటే చూస్తే చాలదు, క్రెడిట్లు చూడాలి. 7వ లెవెల్‌లోనే 30 క్రెడిట్లయితే అది పోస్ట్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్, 60 అయితే పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా, మాస్టర్స్ అనాలంటే 90 అయినా ఉండాలి. ఒక క్రెడిట్ అంటే క్లాసు, చదువు, అసైన్‌మెంట్లు అన్నీ కలిపి 25 గంటల పని. నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న అబ్బాయి ఇంట్లో పొలం మీద అప్పు తెచ్చి మాస్టర్స్ అనుకుని వచ్చాడు. సగం కోర్సు అయ్యాక ఆఫర్ లెటర్ మళ్లీ తీసి చూస్తే 60 క్రెడిట్లే ఉన్నాయి. ఆ కాగితం మొదటి రోజు నుంచీ వాడి బ్యాగులోనే ఉంది, చూడమని చెప్పినవాళ్లే లేరు. ఆ రాత్రి వాడు వాళ్ల నాన్నకి ఫోన్ చేయలేక కూర్చున్న తీరు నాకింకా గుర్తుంది. అందుకే ఆఫర్ లెటర్ రాగానే కోర్సు పేరు, లెవెల్, క్రెడిట్లు, ఈ మూడింటి కింద పెన్నుతో గీత గీయండి.

ఇంగ్లిష్ స్కూళ్లు అంటే ఏంటి? అవి కాలేజీలేనా?

కాదు. మాల్టాకి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి యూరప్, జపాన్, టర్కీ, దక్షిణ అమెరికా నుంచి ప్రతి ఏడాదీ వేలమంది వస్తారు. సముద్రం, ఎండ, బ్రిటన్ కంటే తక్కువ ఖర్చు, అదీ కారణం. స్కూళ్లు ఎక్కువగా సెయింట్ జూలియన్స్, స్లీమా చుట్టుపక్కల ఉంటాయి, గోజోలో కూడా కొన్ని ఉన్నాయి. వీటికి లైసెన్సులుంటాయి, టీచర్లకు కూడా ప్రత్యేకంగా అర్హతలు ఉండాలి. చాలా స్కూళ్లు ఫెల్టమ్ అనే సంఘంలో సభ్యులు, ఆ సంఘం 1989 నుంచి ఉంది.

చేరగానే ఒక పరీక్ష పెట్టి ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న మెట్లలో మీరెక్కడున్నారో చూసి ఆ క్లాసులో కూర్చోబెడతారు. ఇక్కడ ఒక లెక్క గమనించండి. "వారానికి 20" అని రాసి ఉంటే అది ఎక్కువ చోట్ల 20 పాఠాలు, గంటలు కాదు. ఒక్కో పాఠం 45 నిమిషాలు, అంటే మొత్తం 15 గంటలు. ఫీజుల్ని పోల్చేటప్పుడు గంటలకు గంటలే పోల్చండి.

బీటెక్ అయింది. ముందు ఇంగ్లిష్ కోర్సు వీసా మీద వచ్చేసి అక్కడ ఏదో ఒకటి చూసుకోవచ్చా?

వద్దు. నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఇంగ్లిష్ మీడియంలో పదహారేళ్లు చదివిన అబ్బాయి మాల్టాకి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వెళ్తున్నానంటే వీసా ఆఫీసర్ మొదట అడిగేది "ఎందుకు?" అనే. దానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి. ఒకవేళ వీసా వచ్చినా, ఆ సర్టిఫికెట్ డిగ్రీ కాదు, పని చేసుకునే వీలు విషయంలో డిగ్రీ విద్యార్థుల కంటే ఇంగ్లిష్ స్కూళ్లలో చేరినవాళ్లకి నిబంధనలు బిగువు. కోర్సు అయిపోగానే ఉండే హక్కు కూడా అయిపోతుంది. ఈలోపు ఇంట్లో వడ్డీ పెరుగుతూ ఉంటుంది.

నిజంగా ఇంగ్లిష్ మాట్లాడటంలో భయం పోవాలనుకునేవాళ్లకి ఆ స్కూళ్లు చాలా మంచివి. క్లాసులో తెలుగు వినపడదు, హిందీ వినపడదు. పక్కన కొలంబియా అమ్మాయి, ఇటలీ తాతగారు కూర్చుంటారు, వాళ్లతో మాట్లాడాలంటే ఇంగ్లిష్ తప్ప దారి లేదు. నోరు తెరుచుకుంటుంది. దానికోసమే వెళ్లేవాళ్లు, ఖర్చు భరించగలవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మాత్రం యూరప్ స్కూలు పిల్లలతో నిండిపోయి గదుల ధరలు పెరుగుతాయి, అక్టోబర్ తర్వాత వస్తే హాయి.

వీసాకి ఏమేం కావాలి?

మూడు నెలలు దాటే చదువుకి నేషనల్ లాంగ్ స్టే వీసా, అందరూ డీ వీసా అంటారు. వీసా కాగితాలు తీసుకునే వీఎఫ్‌ఎస్ అనే సంస్థ ద్వారా దరఖాస్తు. ఆఫర్ లెటర్, ఫీజు కట్టిన రసీదు, ఉండే చోటు వివరాలు, హెల్త్ ఇన్సూరెన్స్, డబ్బు ఉందని చూపే కాగితాలు, సర్టిఫికెట్లు. సర్టిఫికెట్లకు ముందు రాష్ట్రంలో అటెస్టేషన్, తర్వాత విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ధ్రువీకరణ ఉంటాయి. వీటికి వారాలు పడుతుంది, చివర్లో పెట్టుకోకండి. వచ్చాక ఐడెంటిటా అనే ప్రభుత్వ సంస్థ దగ్గర రెసిడెన్స్ కార్డుకి అప్లై చేయాలి. వీసా రోజులు అయిపోయేదాకా ఆగకుండా అపాయింట్‌మెంట్ తీసుకోండి.

డబ్బు చూపించే విషయంలో ఒక్క మాట. మన దగ్గర వడ్డీకి డబ్బు తెచ్చి నెల రోజులు అకౌంట్‌లో పెట్టి "బ్యాలెన్స్ చూపించే" పద్ధతి ఉంది కదా, దాని జోలికి పోకండి. ఐదేళ్లుగా పదివేలు దాటని అకౌంట్‌లో ఒక్కసారిగా పన్నెండు లక్షలు పడితే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ డబ్బు ఎక్కడిదో కాగితంతో చూపించగలగాలి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మంజూరు పత్రం దీనికంటే వంద రెట్లు నయం. పైగా లోన్ డబ్బుతో ఫీజు పంపితే టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, పడదు. సొంత డబ్బుతో పంపినా, 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి పది లక్షలు దాటిన మొత్తం మీదే అది పడుతుంది.

పార్ట్‌టైమ్ చేసి ఫీజు కట్టుకోవచ్చట కదా?

కట్టుకోలేరు. లెక్క వేసి చూపిస్తాను, మీరే చూడండి. విద్యార్థి వారానికి 20 గంటలే పని చేయొచ్చు, దానికి కూడా జాబ్స్‌ప్లస్ అనే సంస్థ నుంచి లైసెన్స్ ఉండాలి. 2025లో మాల్టా కనీస వేతనం 40 గంటల వారానికి 221.78 యూరోలు. గంటకి ఐదున్నర అనుకోండి. ఇరవై గంటలకి 110 యూరోలు, నెలకి 480 దగ్గర, అందులోనే సోషల్ సెక్యూరిటీ కటింగ్. స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు ఒక్కరే ఉండే గది తీసుకుంటే ఆ డబ్బు అద్దెకే పోతుంది. గది పంచుకుంటే అద్దె, కూరగాయలు, ఫోన్ రీచార్జ్ వెళ్లదీయొచ్చు. అంతవరకే దాని మీద ఆధారపడండి. మొదటి మూడు నాలుగు నెలలు అసలు పని దొరకదనుకునే డబ్బు పెట్టుకుని రండి.

లైసెన్స్ లేకుండా చేతికి డబ్బిచ్చే పని చూపిస్తామని కొందరు అంటారు. పట్టుబడితే పోయేది మీ పర్మిట్. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేరు.

ఇల్లు ఎలా వెతకాలి? మోసాలుంటాయా?

ఉంటాయి. ఫొటోలు చూసి ఇండియా నుంచే అడ్వాన్స్ పంపొద్దు. మొదటి రెండు వారాలకి హాస్టల్‌లోనో, యూనివర్సిటీ రెసిడెన్స్‌లోనో బుక్ చేసుకుని వచ్చాక కళ్లతో చూసి తీసుకోండి. 2020 జనవరి నుంచి అద్దె ఒప్పందాలన్నీ హౌసింగ్ అథారిటీ దగ్గర రిజిస్టర్ చేయాలని చట్టం ఉంది. రిజిస్టర్ చేయనంటున్న ఓనర్ దగ్గర ఇల్లు తీసుకోకండి, ఆ కాగితం మీ రెసిడెన్స్ కార్డుకి కూడా అవసరం పడుతుంది.

కరెంటు బిల్లు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఇక్కడ ఇళ్లకి రెండు రకాల రేట్లున్నాయి, రెసిడెన్షియల్, డొమెస్టిక్. రెండోది ఎక్కువ. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో ఆర్మ్స్ అనే బిల్లింగ్ సంస్థకి 'ఫారం హెచ్' ఇచ్చి నమోదు చేస్తే తక్కువ రేటు వస్తుంది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందే ఓనర్‌ని ఇది అడగండి, తర్వాత అడిగితే రేపు మాపు అంటారు. నేను మొదటి చలికాలం మొత్తం ఎక్కువ రేటుతో కట్టాను.

ఏ ఊరు అంటే, యూనివర్సిటీకి నడిచి వెళ్లాలంటే ఇమ్సీదా, గ్జీరా, బిర్కిర్కారా. అద్దె తగ్గాలంటే హమ్రూన్, లేదా ఉత్తరం వైపు బుజిబ్బా. కాకపోతే బుజిబ్బా నుంచి పొద్దున బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది.

బస్సులు?

2022 అక్టోబర్ నుంచి సొంత పేరు మీద తల్లిన్యా అనే బస్సు కార్డు ఉన్నవాళ్లకి ఊళ్ల మధ్య తిరిగే మామూలు బస్సులు ఉచితం. రెసిడెన్స్ కార్డు రాగానే దానికి అప్లై చేయండి. నిండిపోయిన బస్సు ఆగకుండా వెళ్లిపోతుంది, కాబట్టి పరీక్ష రోజు గంట ముందు బయల్దేరండి. గోజోకి చిర్కెవ్వా రేవు నుంచి ఫెర్రీ, అరగంట లోపే. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటారు.

వాతావరణం మనలాగే ఉంటుందా?

వేసవి విజయవాడ వాళ్లకి కొత్తేమీ కాదు. ఆశ్చర్యపరిచేది చలికాలం. మంచు పడదు, ఉష్ణోగ్రత కూడా పెద్దగా పడిపోదు, కానీ ఇళ్లు సున్నపురాయితో కట్టినవి, గదుల్ని వెచ్చగా ఉంచే ఏర్పాట్లు తక్కువ, గాలిలో తేమ. బయటకంటే ఇంట్లోనే చలి ఎక్కువ అనిపిస్తుంది. గోడలకి బూజు పడుతుంది. ఇల్లు చూసేటప్పుడు మంచం వెనక గోడ, అలమర లోపల తప్పకుండా చూడండి. కుళాయి నీళ్లలో సగానికి పైగా సముద్రపు నీటిని శుద్ధి చేసినవి. తాగొచ్చు గానీ రుచి వేరు, ఎక్కువమంది సీసా నీళ్లు కొనుక్కుంటారు.

తిండి? శాకాహారులు బతకగలరా?

బతకగలరు, వండుకోవడం వస్తే. ఇండియన్ కొట్లు చాలానే ఉన్నాయి. సోనామసూరి, కందిపప్పు, చింతపండు, ఆవకాయ దొరుకుతాయి. ఇక్కడ నర్సులుగా, డెలివరీ పనుల్లో, హోటళ్లలో పని చేసే మనవాళ్లు బాగా పెరిగారు. వీధుల్లో పాస్టిజ్జీ అని పొరలు పొరలుగా ఉండే కజ్జికాయ లాంటిది అమ్ముతారు, ఒకటి జున్నుతో, ఒకటి బటానీతో. బటానీది శాకాహారమే అనుకుంటాం, కానీ పాత పద్ధతిలో పిండిలో పంది కొవ్వు వేస్తారు, అడిగి తినండి.

ఎంబీబీఎస్ చేయొచ్చా?

చేయొచ్చు. ఇండియాలో ప్రాక్టీస్ చేయాలంటే నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనలు దాటాలి. నీట్ అర్హత, కనీసం 54 నెలల ఇంగ్లిష్ మీడియం కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీస్‌కి అర్హత, ఇంకా ఇండియాకి వచ్చాక స్క్రీనింగ్ పరీక్ష. ఇవన్నీ కాగితం మీద రాతపూర్వకంగా కాలేజీ నుంచి తీసుకున్నాకే ఫీజు కట్టండి.

మాల్టా కార్డుతో జర్మనీ వెళ్లి పని చేసుకోవచ్చా?

వెళ్లి చూసి రావొచ్చు, పని చేయకూడదు. మాల్టా రెసిడెన్స్ కార్డుతో మిగతా షెంజెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో అయినా 90 రోజుల దాకా ఉండొచ్చు. అది చూసి రావడానికి మాత్రమే. ఇంగ్లండ్, ఐర్లండ్‌కి ఈ కార్డు పనికిరాదు. "మాల్టా ద్వారా యూరప్ అంతా తలుపులు తెరుచుకుంటాయి" అని ఎవరైనా చెప్తుంటే అది మీ డబ్బు కోసం చెప్తున్న మాట.

చదువు అయ్యాక ఉండనిస్తారా?

యూరోపియన్ యూనియన్ 2016 నాటి ఆదేశం ప్రకారం పైచదువు పూర్తి చేసినవాళ్లకి ఉద్యోగం వెతుక్కోవడానికి కనీసం తొమ్మిది నెలలు ఇవ్వాలి, మాల్టా దానికి కట్టుబడి ఉంది. ఉద్యోగం దొరికితే ఆ కంపెనీ ద్వారా సింగిల్ పర్మిట్, అంటే ఉండటానికీ పని చేయడానికీ కలిపి ఒకే అనుమతి. ఇక్కడ ఐటీ, ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలు, ఆర్థిక సేవలు, ఆరోగ్య రంగం, హోటళ్లు, వీటిలోనే ఉద్యోగాలు ఎక్కువ. దేశం చిన్నది కాబట్టి ఒక రంగంలో కంపెనీలన్నీ ఒకరికొకరు తెలిసే ఉంటాయి. ఇంటర్న్‌షిప్‌లో బాగా చేసిన మాట రెండు నెలల్లో పది చోట్లకి పాకుతుంది, సరిగా చేయని మాట కూడా అంతే. మెకానికల్, సివిల్ లాంటివి చదివి పెద్ద ఫ్యాక్టరీలు చూడాలనుకునేవాళ్లకి ఇది సరైన చోటు కాదు, జర్మనీ లాంటివి చూసుకోండి.

అమ్మాయిని ఒంటరిగా పంపించొచ్చా? (ఇది అమ్మలే అడుగుతారు)

పంపించొచ్చమ్మా. చిన్న ఊళ్లు, ఇరుగుపొరుగు వాళ్లు బాల్కనీల్లోంచి పలకరించే వీధులు. పాచెవిల్ అనే చోట మాత్రం రాత్రంతా క్లబ్బులు, తాగిన జనం ఉంటారు, ఇల్లు ఆ వీధుల్లో తీసుకోకపోతే మంచిది. ఏ అత్యవసరానికైనా నంబర్ 112. మాల్టాలో భారత హైకమిషన్ ఉంది, వచ్చిన వారంలో ఆ నంబర్ ఫోన్లో పెట్టుకోమనండి. చలికాలంలో మనకంటే నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక ఉంటారు. మీరు రాత్రి భోజనం అయ్యాక ఫోన్ చేస్తే తను అప్పుడే క్లాసు నుంచి వస్తూ ఉంటుంది, ఎత్తకపోతే కంగారు పడకండి.

వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్‌లోనో ఇస్తాంబుల్‌లోనో మారాలి. అక్కడ పెట్టెలు వెనకబడటం మామూలే కాబట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆఫర్ లెటర్, ఇన్సూరెన్స్, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి. ప్లగ్గులు బ్రిటిష్ వాళ్లవి, చదరపు మూడు పిన్నులు, రెండు అడాప్టర్లు కొనండి. బ్యాంకు అకౌంట్ తెరవడానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా ఫారెక్స్ కార్డు. కుక్కర్ తెచ్చుకుంటే ఇండక్షన్ అడుగు ఉన్నదే తెచ్చుకోండి, చాలా ఫ్లాట్లలో గ్యాస్ పొయ్యి ఉండదు. ఒక మందపాటి దుప్పటి కూడా. బరువు అనుకుని నేను వదిలేసి వచ్చాను, డిసెంబర్‌లో ఇక్కడ రెట్టింపు పెట్టి కొన్నాను.